గీతకు ఇవతలి ఆవు

ఆగస్టు 4, ఆదివారం

చిరంజీవి మరిదికి,

మీ వదిన ఆశీర్వదించి రాస్తున్నది. నీకూ, నా తోటికోడలికీ, ఇక్కడికొస్తే నా కొంగు వదలని నీ కూతురికీ ఈ ఆశీస్సులు పంచు. నీ మీద నాకు కోపంగా ఉంది కాబట్టి నీ వాటా కాస్త తగ్గించుకో. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని రాయడం ఆనవాయితీ. నువ్వు క్షేమంగానే ఉన్నావని నాకు తెలుసు. కోపంతో ఊగిపోయే మనిషికి జలుబు చేయడం నేనెక్కడా చూడలేదు.

ఫోను చేస్తే ఆ, ఊ అని పెట్టేస్తున్నావు. అందుకే కాగితం తీశాను. దీన్ని మధ్యలో పెట్టెయ్యలేవు కదా. చింపుతావేమో గానీ, చదవకుండా చింపేంత నిగ్రహం నీకు లేదు. నిక్కరు జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని నా వెనకాల తిరిగిన రోజుల నుంచీ నిన్ను చూస్తున్నాను.

పాల వ్యాను డ్రైవరు నీ కబురు మోసుకొచ్చాడు. అతనికి రేడియో అని పేరు పెట్టింది నువ్వే, ఆ పేరు నిలబెట్టాడు. గేటు బయట నిలబడి క్యాన్లు ఎక్కించుకుంటూ వీధి వీధంతా వినేలా చదివాడు. నా ఆవును నాకు పంపెయ్యమన్నావట. వచ్చే ఆదివారంలోగా పంపకపోతే నువ్వే బండి తెచ్చి తోలుకుపోతావట. ఆ తర్వాత ఆ గేటుకీ నీకూ ఏ సంబంధమూ లేదన్నావట. మీ అన్నయ్య అక్కడే ఉన్నారు, అంతా విన్నారు. బిగించిన క్యాను మూతనే మళ్ళీ మళ్ళీ బిగిస్తూ నిలబడ్డారు.

ఆ రోజు ఏం జరిగిందో నీకు నీ వైపు నుంచి తెలుసు. నేను మధ్యలో నిలబడి చూశాను, నా వైపు నుంచి చెబుతాను విను. వాటాలు పంచుకున్నప్పుడు అత్తయ్య ఆవు నీ వాటాకు వచ్చింది. దాని మనవరాలిని, అదీ తొలిచూలుతో ఉన్నదాన్ని, అన్నయ్య మందలో అమ్మ ఆవు లేని లోటు ఉండకూడదని చెప్పాపెట్టకుండా వ్యాను మాట్లాడుకుని తీసుకొచ్చావు. కొమ్ములకు నూనె రాసి, మెడలో కొత్త తాడు వేసి మరీ తెచ్చావు. మా పశువుల మధ్య కట్టేసి మీ అన్నయ్య మొహం చూద్దామని నీ ఆశ. ఆ ఆశ నాకు వ్యాను ఆగకముందే నీ కళ్ళలో కనిపించింది.

మీ అన్నయ్యేమో వ్యానును గేటు దగ్గరే ఆపేశారు. ఆవును ఆ చివరి పాకలో విడిగా కట్టమన్నారు. నిన్ను చెప్పులతో సహా బట్టల సోడా కలిపిన నీళ్ళ తొట్టిలో దిగి రమ్మన్నారు. నేనేమన్నా పరాయివాడినా, ఇది అమ్మ ఆవు, దీనికి మైల అంటిందా అని నువ్వు. ఎవరైనా సరే రూలు రూలే అని ఆయన. తమ్ముడితో ఆ మాట అనే తీరేనా అది! నాకే ఒళ్ళు మండింది. ఆ మనిషికి పశువులతో మాట్లాడ్డం వచ్చినంతగా మనుషులతో రాదు. నువ్వు గుక్కెడు మంచినీళ్ళయినా తాగకుండా, తొట్టి వైపు చూడకుండా అదే వ్యానులో వెళ్ళిపోయావు.

ఆ రూలు ఎందుకు పుట్టిందో నీకు తెలియదు. నువ్వు అప్పుడు దూరంగా ఉద్యోగంలో ఉన్నావు. ఒకసారి ఆయన చూడముచ్చటైన ఆవునొకదాన్ని కొని, తెచ్చిన సాయంత్రమే నేరుగా కొట్టంలో కట్టేశారు. దానికి ఒంట్లో ఏం రోగముందో చూసేవాళ్ళు లేరు. ఆ ఏడాది మా ఆవులకు వరసగా కడుపులు పోయాయి. నెలలు నిండకుండానే ఒకదాని తర్వాత ఒకటి. చివరిదాన్ని గొయ్యి తీసి పూడ్చిన రోజున ఆయన గొడ్డలి తీసుకుని పాత గేటు విరగ్గొట్టి, ఇనుప గేటు పెట్టించారు. దాని ముందు తొట్టి కట్టించారు. బయటి నుంచి ఏ పశువొచ్చినా నాలుగు వారాలు విడిగా ఉండాల్సిందే, పరీక్షలు కావాల్సిందే, టీకాలు పడాల్సిందే. మనిషైతే కాళ్ళు కడగాల్సిందే. నా పుట్టింటివాళ్ళను కూడా ఆ తొట్టిలో నిలబెట్టారు, నీకు తెలుసా? మా పెద్దమ్మ కొత్త చెప్పుల రంగు వెలిసిపోయింది. ఇప్పటికీ నన్ను దెప్పుతుంది.

నీ ఆవు కులాసా. దానికి చుట్టం అని పేరు పెట్టాను. చుట్టానికి కాపలా నేనే. దాని దగ్గరికి వెళ్ళడానికి వేరే చెప్పులు, వేరే బకెట్టు, వేరే చీపురు, వేరే చీర. ఆ చీరలో నన్ను చూస్తే గుర్తుపట్టవు. ముందు మందలో పని ముగించుకుని, చివరికి దాని దగ్గరికి వెళ్తాను, ఇటు నుంచి మళ్ళీ అటు వెళ్ళను. చుట్టానికి మీ ఇంటి గారాబం బాగా తలకెక్కింది. తవుడు తడిపి చేత్తో పెడితేనే తింటుంది, తొట్లో పోస్తే మూతి తిప్పుకుంటుంది. అంతా నీ పోలికే.

మీ అన్నయ్య సంగతి కూడా రాయమంటావా? మొన్న మంగళవారం మేత కోసే మిషను బ్లేడు పదును పెట్టించుకొస్తానని పొద్దున్నే బస్సెక్కారు. పొద్దుగూకే వేళకు వచ్చారు. బ్లేడు మాత్రం అంతే మొద్దుగా ఉంది. ఇదేమిటంటే కొట్టు మూసేశారన్నారు. అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఎండదెబ్బేమోననుకుని మజ్జిగ ఇచ్చాను.

సరే, అసలు సంగతి. నాలుగు వారాలు నిండేదాకా చుట్టం కదలదు. నిండు చూలాలిని వ్యానులో అటూ ఇటూ తిప్పడానికి నేనొప్పుకోను. గడువు తీరాక కూడా నీకు అదే పట్టుదల ఉంటే తాడు పట్టుకుని నేనే తెచ్చి నీ గుమ్మంలో కడతాను. ఆదివారం బండి తేకు. తెస్తే తొట్టిలో నిన్ను ముంచి లేపుతాను.

ఇట్లు,
మీ వదిన

ఉత్తరం మడత పెడుతుంటే పాలు పితికే ఆమె పరుగెత్తుకొచ్చింది. గయ్యాళి పొద్దుటి నుంచీ మేత ముట్టలేదట, నోటి వెంట తీగలా చొంగ కారుతోందట. అదే, ఎవరు దగ్గరికెళ్ళినా తన్నే ఆ నల్లావు. ఇవాళ తన్నలేదట. పశువుల డాక్టరమ్మకు ఫోను చేస్తున్నాను.


ఆగస్టు 16, శుక్రవారం

చిరంజీవి మరిదికి,

వదిన ఆశీస్సులు. ఈసారి క్షేమమని రాయను. రాస్తే నాకే నవ్వొస్తుంది, ఆ నవ్వు తర్వాత ఏడుపొస్తుంది.

నీ కార్డు అందింది. ఒకే ఒక్క ముక్క రాశావు. మీ రోగానికి మా ఆవే కారణమని నలుగురికీ చెప్పి పుణ్యం కట్టుకోండి అని. అబ్బ, ఎంత పొదుపు! మిగతా కార్డంతా ఖాళీగా పంపించావు, నీ కోపం రాసుకోవడానికి అది చాలదనా?

ఆ మాట ఎవరన్నారో నాకు తెలుసు. మా రేడియో పని. వచ్చింది గాలికుంటు అని డాక్టరమ్మ చెప్పిన గంటకల్లా దారి పొడుగునా ప్రతి గేటు దగ్గరా, తమ్ముడి ఆవు రోగం తెచ్చిందని ప్రసారం చేసేశాడు. మరుసటి రోజు గేటు బయట నిలబెట్టి అతన్ని ఎన్నడూ ఎవరూ కడగనంత కడిగాను. ఇప్పుడు క్యాన్లు తీసుకోవడానికి కూడా రావడం లేదనుకో. అది నా కడుగుడుకు కాదులే, రోగమున్న చోటికి వ్యాను రాకూడదని డాక్టరమ్మ ఆపేసింది. పాలు వెళ్ళడం లేదు.

గయ్యాళితో మొదలైంది. టీకాలు వేసిన రోజున డాక్టరమ్మను తన్ని, కట్టు తెంపుకుని పారిపోయింది అదొక్కటే. దానికే బాగా సోకింది. నాలుక మీద తోలు ఊడి వచ్చింది. గిట్టల మధ్య పుళ్ళు, నిలబడలేదు, కూర్చోలేదు. టీకా పడ్డ పెద్ద ఆవులకు నోట్లో నాలుగు పొక్కులూ, రెండు రోజుల జ్వరమూ, అంతటితో సరి. భయమంతా దూడలదే. వాటికింకా టీకా వయసు రాలేదు. డాక్టరమ్మ చెప్పింది, ఈ రోగం దూడల్లో గుండెను పడుతుందట. రోగమున్న తల్లి దగ్గర పాలు తాగనివ్వొద్దంది. మేం విడదీసే లోపే గయ్యాళి దూడ పోయింది. పాలు తాగుతూ తాగుతూ ముందుకు ఒరిగిపోయింది.

మీ అన్నయ్య దాని పక్కన కూర్చుని లేవలేదు. నేను ఇవతలి నుంచి కేకలేశాను. నేను ఇవతల ఉన్నానెందుకో చెప్పాలి కదూ. డాక్టరమ్మ రాగానే వాకిలికి అడ్డంగా సున్నం గీత గీయించింది. గీతకు అవతల మంద, మీ అన్నయ్య, పాలు పితికే ఆమె. ఆమె ఇంట్లో పశువులు లేవు కాబట్టి స్నానం చేసి బట్టలు మార్చుకుని ఇంటికి వెళ్ళి వస్తుంది. గీతకు ఇవతల చుట్టం, నేను, గడ్డివాము. ముట్టుకున్న చేతులు ఇటు రాకూడదు, ఇటు చేతులు అటు పోకూడదు.

పెళ్ళయి ఇన్నేళ్ళకు మా కాపురం ఇలా అయింది. ఆయన కొట్టం పక్క గదిలో పడుకుంటారు, నేను గడ్డివాము పక్క చావిట్లో. మాట్లాడాలంటే అరవాలి. ఉప్పెక్కడుంది అని ఆయన అరిస్తే రెండిళ్ళ అవతలి వాళ్ళు సమాధానం చెబుతున్నారు. వంట మాడుతున్న వాసన ఇక్కడిదాకా వస్తుంది. ఏం వండారు అంటే బాగానే ఉంది అంటారు, పదార్థం పేరు చెప్పరు.

ఇక నీ ఆవు విషయం చెవులు రిక్కించి విను. డాక్టరమ్మ అన్నిటికంటే ముందు చుట్టాన్నే చూసింది. నోరు తెరిచి చూసింది, గిట్టలు ఎత్తి చూసింది, జ్వరం చూసింది. ఏమీ లేదు. ఇదే తెచ్చి ఉంటే మొదట దీనికే వచ్చేదమ్మా, ఇది కడిగిన ముత్యంలా ఉంది అంది. నీ ఇంట్లో టీకా వేయించి పంపావు కదా, ఆ మచ్చ కూడా చూపించాను. మరెక్కడి నుంచి వచ్చిందని అడిగింది. ఈ చుట్టుపక్కల ఎక్కడా లేదు, దూరాన రెండు మూడు సంతల్లో మాత్రం ఉందట. మీ ఇంటి ఎదురుగానే సంత కాబట్టి నువ్వు జాగ్రత్తగా ఉండు. ఇంట్లోకి ఎవరెవరు వచ్చారు, ఎవరెక్కడికి వెళ్ళొచ్చారు అని ఒక్కొక్కరినే అడిగింది. ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదన్నారు. గాలికి వచ్చిందేమోనన్నారు మీ అన్నయ్య, నేల చూపులు చూస్తూ. గాలికి రావచ్చు గానీ, మోసుకురావడానికి గాలికి కూడా దగ్గర్లో ఎక్కడో ఒక చోట దొరకాలి కదండీ అంది ఆమె.

ఇందులో ఒక తమాషా గమనించావా? చుట్టాన్ని ఆ మూల కట్టేసింది దాని నుంచి మా మందను కాపాడాలని. తీరా చూస్తే మా మంద నుంచి దాన్ని కాపాడింది. ఆయన నిన్ను నొప్పించి మరీ వేసిన ఆ కట్టుకొయ్యే లేకపోతే అత్తయ్య ఆవు ఇవాళ నిలువునా పుళ్ళతో ఉండేది. అప్పుడు నీకు నేను ఏ మొహంతో ఉత్తరం రాసేదాన్ని?

ఇంతకీ ఇప్పుడు మంచి కబురు. నువ్వు కార్డులో పొదుపు చేశావు కాబట్టి నేనూ చివరిదాకా దాచాను. నిన్న తెల్లవారుతుంటే చుట్టం ఈనింది. పెయ్యదూడ! నేనొక్కదాన్నే ఉన్నాను. డాక్టరమ్మ ఇటు వస్తే బట్టలు మార్చుకుని రావాలి, అంత సమయం లేదు. అవతలి నుంచి మీ అన్నయ్య గీత మీదికి వంగి, కాళ్ళు రెండూ కనిపిస్తున్నాయా, ముక్కు కనిపిస్తోందా, లాగకు, దాన్నే తోయనియ్యి అని అరుస్తూనే ఉన్నారు. ఒక్క అడుగు కూడా గీత దాటలేదు. నేను దూడను తుడిచి పైకెత్తి చూపించాను. చూడండి, మీ తమ్ముడు ఇచ్చింది అన్నాను. ఆయన వెనక్కి తిరిగి నిలబడ్డారు. భుజాలు కదులుతున్నాయి. నేను చూడనట్టు దూడ బొడ్డుకు మందు రాశాను.

తల్లి లేని పిల్లల్లా అవతల మూడు దూడలున్నాయి, తల్లుల దగ్గరికి పోనివ్వకూడదు. ఆ తల్లుల పాలు మరిగించి పడుతుంటే సగం కక్కేస్తున్నాయి. రెండు రోజులు పోతే చుట్టం పాలు తన దూడ తాగగా ఇంకా మిగులుతాయి. ఎలా పంపాలో ఆలోచించి పెట్టాం. గీత మీద గుర్తుగా రాయి ఒకటి వేశాం. నా చెంబు ఇటు వైపు నుంచి ఎత్తి పోస్తాను, ఆయన గిన్నె అటు వైపు నుంచి పట్టుకుంటారు. చెంబు గీత దాటదు, గిన్నె గీత దాటదు. పాలొక్కటే దాటుతాయి.

దూడ నుదుటి మీద తెల్ల మచ్చ ఉంది. నీ కూతురికి చెప్పు, పేరు పెట్టే పని తనదే.

ఇట్లు,
గీతకు ఇవతల ఉన్న మీ వదిన

ఈ ఉత్తరం ఇవతలి వైపునే రాశాను, పోస్టు వేసేది కూడా ఇవతలి చేతులే. నిశ్చింతగా పట్టుకో.


సెప్టెంబరు 22, ఆదివారం

చిరంజీవి మరిదికి,

వదిన ఆశీస్సులు. ఈసారి నీ వాటా పూర్తిగా నీకే. ఇక్కడ మేమంతా క్షేమం. ఈ మాట రాసి కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. రాయడం ఇంత బాగుంటుందని ఇన్నాళ్ళూ తెలియలేదు.

నువ్వు పంపిన సోడా బస్తా చేరింది. ఎవరో తెచ్చి గేటు బయట దించి వెళ్ళారు. చీటీ లేదు, పేరు లేదు. బస్తాకు సోడా నీళ్ళు చల్లి, కడిగి, గీత దాకా చేర్చాను. మీ అన్నయ్య బస్తా మూతి విప్పబోయి ఆగిపోయారు. ఇది చిన్నాడి ముడి అన్నారు. ముందు రెండు చుట్లు, ఆ పైన వెనక్కి తిప్పి ఒక లంకె. ఆ ముడి నీకు ఆయనే నేర్పారట, నువ్వు పలుపు వేయలేక ఏడుస్తుంటే. కొడవలి పక్కనే ఉన్నా తాడు కోయలేదు. కూర్చుని గోళ్ళతో విప్పారు. సోడా నీళ్ళలో నానబెట్టి, కడిగి ఎండబెట్టాక ఆ తాడు ఇప్పుడు చుట్టం దూడ మెడలో ఉంది.

మాట పంపడానికి మనసొప్పలేదు గానీ బస్తా పంపడానికి ఒప్పిందన్నమాట. మీ అన్నదమ్ములిద్దరికీ నోరు ఉన్నది అన్నం తినడానికే అని దేవుడు రాసిపెట్టాడు. మధ్యలో అరవడానికి నన్ను పెట్టాడు.

మంద సంగతి. మూడు దూడలూ బతికాయి. బతకడమేమిటి, చుట్టం పాలు తాగి పొట్టలు వేలాడేసుకుని తిరుగుతున్నాయి. పాలు పోసే వేళకు గీత దగ్గర వరసగా నిలబడతాయి, రాయి కనిపిస్తే చాలు తోకలెత్తుతాయి. పుళ్ళన్నీ మానాయి. నోళ్ళు కడగడం, బోరిక్ పొడి గ్లిజరిన్‌లో కలిపి నాలుకలకు రాయడం, గిట్టలకు మందు పెట్టడం, జావ కాచి తాగించడం, ఇదంతా మీ అన్నయ్యా పాలు పితికే ఆమే చేశారు. పితికేటప్పుడు కూడా బాగున్నదాన్ని ముందు, పుళ్ళున్నదాన్ని చివర. ఒక ఆవుకు వాడిన గుడ్డ ఇంకోదానికి వాడలేదు. నీరసంగా ఉన్నప్పుడు పొదుగువాపు కూడా తగులుకుంటుందని డాక్టరమ్మ ముందే భయపెట్టింది. ఒక్కదానికీ రాలేదు.

గయ్యాళి గురించి మాత్రం ప్రత్యేకంగా రాయాలి. నిన్న డాక్టరమ్మ చివరిసారి చూడ్డానికి వచ్చింది. గయ్యాళి వెనక వంగి గిట్ట ఎత్తబోతే ఒక్క తన్ను తన్నింది. ఆమె వెళ్ళి గడ్డి మోపులో పడింది. మేం కంగారుపడి పరుగెత్తబోతే ఆవిడ గడ్డిలోనే కూర్చుని నవ్వుతూ, ఇక దీనికి పరీక్ష అక్కర్లేదండీ అంది. జబ్బు పడ్డ నాటి నుంచీ అది ఎవరినీ తన్నలేదు. ఆ తన్ను చూసి మీ అన్నయ్య ఎంత సంతోషించారో! ఆవిడను లేపడం కూడా మర్చిపోయారు.

ఇప్పుడు కొట్టాలు కడుగుతున్నాం. పాత గడ్డి తగలబెట్టాం. నేల గీకి, సోడా నీళ్ళు పోసి, గోడలకు సున్నం కొట్టాం. చుట్టానికి ఇంకోసారి టీకా పడింది. ఇంకో రెండు వారాలు చూసి, అక్టోబరు 6, ఆదివారం పొద్దున్న గేటు తెరవచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఆ రోజు గీత చెరిపేస్తాం. ఇన్ని వారాల తర్వాత నా మొగుడి పక్కన నిలబడి మామూలు గొంతుతో మాట్లాడాలి. గొంతు తగ్గించడం వస్తుందో రాదో చూడాలి.

ఇక నీ ఆవు. గడువు తీరాక తాడు పట్టుకుని నేనే తెచ్చి నీ గుమ్మంలో కడతానని మాటిచ్చాను. మాట తప్పను. నువ్వు కావాలంటే చుట్టమూ, దూడా రెండూ నీవే. ఈ ఉత్తరానికి జవాబు రాకపోతే తీసుకురమ్మన్నావనే అనుకుంటాను. కానీ నా మనసులో ఉన్నది కూడా దాచను. ఆ రెండింటినీ పంపాలంటే నాకు ప్రాణం పోయినట్టుంటుంది. ఆ మూడు దూడలకు పాలిచ్చిన ఆవును ఇంకా చుట్టం అని పిలవడానికి నాకు నోరు రావడం లేదు. దాన్ని మందలో కలిపే రోజున తాడు పట్టుకోవాల్సింది నువ్వు. ఆ రోజు వ్యాను దిగుతూ ఏ ఆశ పెట్టుకున్నావో అది తీర్చుకోవాల్సింది నువ్వు. పరాయివాడినా అని అడిగావు కదా, వచ్చి చూసుకో.

మీ వైపు సంతలోనూ, ఆ వీధిలోనూ రోగం పాకినా నీ కొట్టంలో ఒక్కదానికీ రాలేదని రేడియో ఫోనులో చెప్పాడు. ఈ ఒక్క విషయంలో అతని మాట నిజమే అయ్యుంటుందని నేను నమ్మాను. ఎందుకు నమ్మానో కింద రాస్తాను. మా తోటికోడల్ని, పాపను కూడా తీసుకురా. దూడకు పేరు ఏం పెట్టిందో పాపే వచ్చి దాని చెవిలో చెప్పాలి.

ఇట్లు,
మీ రాక కోసం గేటు వైపే చూస్తూ,
మీ వదిన

ఒక ముక్క. ఇది మీ అన్నయ్య రాయొద్దన్నారు, అందుకే రాస్తున్నాను.

నీ గేటు దగ్గర నీలం డ్రమ్ము ఒకటి సగానికి కోసి పెట్టావట కదా. అందులో సోడా నీళ్ళు పోసి, లోపలికి వచ్చే ప్రతివాళ్ళనూ కాళ్ళు ముంచి రమ్మంటున్నావట. నీ కూతురు చెప్పులు విప్పకుండా పరుగెత్తబోతే రెక్క పట్టుకుని వెనక్కి తెచ్చి, ఎవరైనా సరే రూలు రూలే అన్నావట. ఇక్కడి నుంచి కోపంగా వెళ్ళిన వారం తిరక్కముందే ఇదంతా చేశావట. నేను మీ ఇంటికి రాలేదు. రేడియో చెప్పలేదు. మరి నాకెలా తెలుసంటావా?

బ్లేడు పదును పెట్టించడానికని వెళ్ళిన మంగళవారం మీ అన్నయ్య ఏ కొట్టుకూ వెళ్ళలేదు. బ్లేడు సంచిలోంచి తీయనే లేదు. రెండు బస్సులు మారి నీ దగ్గరికి వచ్చారు. తప్పయిపోయింది రా అని చెప్పాలనుకున్నారు. ఎలా మొదలుపెట్టాలో తెలియక మీ ఎదుటి సంతలో టీ కొట్టు దగ్గర, అమ్మకానికి కట్టేసిన పశువుల మధ్య, మధ్యాహ్నమంతా నిలబడి నీ గేటు వైపు చూశారు. నువ్వు ఆ డ్రమ్ము నింపడం, పాపను వెనక్కి పట్టుకురావడం అక్కడి నుంచే చూశారు. చూశాక ఇక వీధి దాటలేకపోయారు. ఏడుపు వచ్చేసిందట, నలుగురిలో. మళ్ళీ బస్సెక్కేశారు.

ఇంటికొచ్చి గేటు తీసుకుని, ఈ లోకంలో అందరినీ దించిన ఆ తొట్టి పక్క నుంచి నడిచి, కళ్ళు కనపడక, తిన్నగా కొట్టంలోకి వెళ్ళి గయ్యాళి మెడ మీద తల పెట్టుకుని నిలబడ్డారట. అది తన్నలేదట.

డాక్టరమ్మ అడిగినప్పుడు గాలికేమోనన్న మనిషి, నిన్న గయ్యాళి డాక్టరమ్మను తన్నాక, గీతకు అవతల కూర్చుని నాకు ఇదంతా చెప్పారు. అరవకుండా చెప్పారు. నేను ముందుకు వంగి వినాల్సి వచ్చింది. ఆవిడకు కూడా నిన్న సాయంత్రమే తానే ఫోను చేసి చెప్పేశారు. పోయిన దూడ పేరు చెప్పి గట్టిగా తిడదామని నోరు తెరిచాను. అన్నం తిన్నారా అని అడిగాను.

ఆదివారం వచ్చేటప్పుడు ఉతికిన బట్టలతో రా. గేటు దగ్గర తొట్టిలో కొత్త నీళ్ళు నింపి ఉంటాయి. ముందు మీ అన్నయ్య దిగుతారు, తర్వాత నువ్వు దిగు. నేను దగ్గరుండి చూస్తాను.